ఊపిరి తీసుకుని చెప్పండి

"ఏమండీ, మీరు నా వెనకాలే ఎందుకు వస్తున్నారు?"

చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టిలో ఆ పాత మేడ మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. మలుపులో ఆగి వెనక్కి తిరిగిన సుచరితకు కింద కొన్ని మెట్ల దూరంలో ఒక యువకుడు కనిపించాడు. పొడుగ్గా ఉన్నాడు. గోడకు చెయ్యి ఆనించి ఆమె వంకే చూస్తున్నాడు. కింది మలుపులో ఆమె ఆగినప్పుడు అతనూ ఆగాడు. ఆమె కదిలితే అతనూ కదిలాడు. ఇప్పుడు మళ్ళీ ఆగాడు.

అతను ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించాడు.

"వేలు చూపిస్తారేంటి? నేను కేకేశానంటే పైనుంచి అందరూ వస్తారు."

నిజానికి కేకేసేంత ఊపిరి ఆమె దగ్గరా లేదు. ఆ కాస్త మాటకే గుండె దడదడలాడింది. అది అతనికి తెలియకూడదని గోడకు ఆనుకుని ధీమాగా నిలబడింది.

"మేడం... నేను..."

"మీరు?"

"పైకి..."

"ఊపిరి తీసుకుని చెప్పండి."

"అదే... వస్తలేదు మేడం. అందుకే... క్లాసుకు పోతున్న."

సుచరిత తల పైకెత్తి చూసింది. మెట్ల చివర 'ఊపిరితిత్తుల వ్యాయామ కేంద్రం' అన్న బోర్డు. ఆమె పోతున్నదీ అక్కడికే. మాస్కు ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఎర్రబడ్డ బుగ్గలు అతనికి కనిపించేవి.

"మీరు కూడానా?" అంది మెల్లగా.

"మీరు గూడనా? మీరు ఆగుడు చూసి, బండెడు పొగరున్నట్టుంది, దారి ఇస్తలేరనుకున్న."

పైనుంచి ఒక ఆడగొంతు ఖంగుమంది. "మెట్ల మీద ముచ్చట్లేంది? మాట్లాడేటంత ఊపిరుంటే పైకి రాండ్రి."

ఆమె ఫిజియోథెరపిస్టు. పేరు స్వీటీ. ఆ పేరుకూ ఆ గొంతుకూ ఏ సంబంధమూ లేదని వాళ్ళిద్దరికీ మొదటి రోజే అర్థమైంది.

అది కరోనా రెండో వేవ్ వెళ్ళిపోయిన వానాకాలం. సుచరిత చాంద్రాయణగుట్టలో ఒక స్కూల్లో తెలుగు టీచరు. ఆమె తండ్రి పరబ్రహ్మం గారు కంచన్‌బాగ్‌లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. గోదావరి జిల్లా నుంచి వచ్చి, బార్కస్ దగ్గర ఇల్లు కట్టుకుని స్థిరపడిన కుటుంబం. ఏప్రిల్లో జ్వరం వచ్చి, ఆక్సిజన్ పెట్టేదాకా పోయి బతికి బయటపడింది. జ్వరం పోయింది, ఆయాసం పోలేదు. నాలుగు వాక్యాలు పాఠం చెబితే ఐదో వాక్యానికి గొంతు ఎండిపోయేది. ఆన్‌లైన్ క్లాసులో మైకు మ్యూట్ చేసుకుని దగ్గేది.

అతని పేరు జోయెల్. పురానాపూల్‌లో తల్లి సుందరమ్మతో ఉంటాడు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్. అతనికీ అదే జబ్బు, అదే నెల. ఇప్పుడు స్తంభం ఎక్కే పని మానిపించి, ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ముందు కూర్చోబెట్టారు.

ఇద్దరికీ వేర్వేరు డాక్టర్లు ఒకే మాట చెప్పారు. వైరస్ పోయింది, అది కూర్చున్న చోట మచ్చలు మిగిలాయి. కొన్ని మానుతాయి, కొన్నిటికి టైం పడుతుంది. మందులు వాడాలి, ఊపిరి పీల్చడం మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి.

ఆ నేర్పేది స్వీటీ. గదిలో గోడవారగా కుర్చీలు, వాటిలో పదిమంది దాకా జనం. అందులో పెద్దమనిషి ఖదీర్ భాయ్. కింద బజారులో గాజుల దుకాణం ఆయనది.

"ముక్కుతోని మెల్లగ పీల్చుండ్రి. సీటీ కొట్టేటప్పుడు పెదాలు ఎట్ల పెడతరో గట్ల పెట్టి, ఇంకా మెల్లగ ఊదుండ్రి" అంది స్వీటీ.

జోయెల్ ఈల వేసేవాడిలా పెదాలు గుండ్రంగా చేసి ఊదాడు. ఎదురు కుర్చీలో సుచరిత.

"అటు తిరిగి చేయండి" అంది ఆమె.

"ఏం జేసిన మేడం? స్వీటీ మేడం చెప్పిందే చేస్తున్న."

"నా వైపు చూస్తూ చేయమని చెప్పారా?"

"కళ్ళు మూసుకొమ్మని గూడ చెప్పలే."

ఖదీర్ భాయ్‌కి నవ్వొచ్చింది. నవ్వితే ఆయనకు దగ్గొస్తుంది. ఆయన దగ్గుతుంటే స్వీటీ ఇద్దరివంకా కొరకొరా చూసింది. మరుసటి రోజు నుంచి జోయెల్‌ని సుచరిత పక్క కుర్చీలో కూర్చోబెట్టింది, ఎదురెదురుగా ఉంటేనే తంటా అని. ఆ తర్వాత వాళ్ళ మాటలు ఇంకా పెరిగాయి.

ప్లాస్టిక్ డబ్బాలో మూడు బంతులుండే పరికరం ఒకటి ఇచ్చారు. గొట్టంతో గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలి. సుచరితకు రెండు లేచేవి. జోయెల్‌కి ఒకటిన్నర.

"ఒకటిన్నర ఏంటండీ? లేస్తే లేచినట్టు, లేకపోతే లేదు."

"సగం దాక వచ్చి ఆలోచిస్తుంది మేడం. దాని ఇష్టం, మనం జబర్దస్తీ చెయ్యొద్దు."

ఆమె పకపకా నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గేదాకా అతను నీళ్ళ సీసా మూత తీసి పట్టుకున్నాడు. జబ్బు పడ్డ దగ్గర్నుంచి ఆమె దగ్గితే ఇంట్లో అందరూ హడలిపోయేవారు. హడలిపోని మనిషిని ఆమె చూడటం అదే మొదలు.

*

ఒక సాయంత్రం క్లాసు అయ్యాక పెద్ద వాన పట్టుకుంది. చార్మినార్ వైపు బండ్లన్నీ నిలిచిపోయాయి. పత్తర్‌గట్టి రాతి కమానుల కింద జనం గుంపుగా చేరారు. సుచరిత, జోయెల్ కూడా ఒక దుకాణం ముందు నిలబడ్డారు.

చల్లగాలి తగలగానే ఆమెకు దగ్గు మొదలైంది. మొదట చిన్నగా, తర్వాత ఆగకుండా. పక్కనున్న ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని జరిగింది. ఇంకొకాయన పిల్లాణ్ణి తన వైపు లాక్కున్నాడు. "ఘర్ మే బైఠ్నా నా, బాహర్ కైకు ఆతే" అని ఎవరో గొణిగారు, ఇంట్లో కూర్చోక బయటికెందుకు రావడమని. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దగ్గుతో వచ్చినవి మాత్రమే కావు.

అప్పుడు జోయెల్ దగ్గడం మొదలుపెట్టాడు.

మామూలు దగ్గు కాదు. వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కమానులు ప్రతిధ్వనించేలా దగ్గాడు. గుంపు ఒక్కసారిగా రెండుగా చీలింది. కొందరు వానలోకే దిగిపోయారు. కాసేపటికి ఆ కమాను మొత్తం వాళ్ళిద్దరికే మిగిలింది.

"చాలా... చాలా బాగా దగ్గారు" అంది ఆమె ఊపిరి అందగానే.

"సగం అసలుది, సగం యాక్టింగ్" అన్నాడు అతను రొప్పుతూ. "ఇప్పుడు అసలుది ఆగుతలేదు. స్వీటీ మేడంకి చెప్పకుండ్రి."

"మీకెందుకండీ ఇదంతా?"

"ఒక్కరే దగ్గుతుంటే మంచిగుండది మేడం. ఇద్దరు దగ్గితే కంపెనీ ఉంటది."

వాన చూరు నుంచి తెరలా జారుతోంది. ఆ తెర వెనక నిలబడి ఆమె అతనికి ఎవరికీ చెప్పని మాట చెప్పింది. "నేను పద్యం బాగా చదివేదాన్ని. రాగం తీసి, మొత్తం పద్యం ఎక్కడా తెగకుండా. పిల్లలు మాట్లాడకుండా వినేవాళ్ళు. ఇప్పుడు మొదటి పాదం మధ్యలోనే తెగిపోతోంది. టీచరుగా నేను పనికొస్తానా అనిపిస్తోంది."

జోయెల్ వెంటనే ఏ ధైర్యమూ చెప్పలేదు. తన సంగతే చెప్పాడు. "నాకు గూడ గట్లనే ఉంటది. పొద్దుగూకంగ స్తంభమెక్కి, తెగిన లైనుకు జంపరు తీగ కట్టి, చుట్టు చూస్తే ఒక్కొక్క ఇంట్ల లైటు వెలుగుతుంటది. ఆ లైట్లు నేనే వేసినట్టుంటది. ఇప్పుడు ఫోన్ ఎత్తి 'హలో' అంటే చాలు, నా ఆయాసం విని, 'ఉరికొస్తున్నవా అన్నా, నిమ్మళంగ రా' అంటరు."

ఆమె నవ్వింది. ఈసారి దగ్గు రాలేదు. అది ఇద్దరూ గమనించారు, కానీ పైకి అనలేదు.

*

ఆ వాన తర్వాత పరబ్రహ్మం గారు రోజూ కూతుర్ని స్కూటర్ మీద తెచ్చి, క్లాసు అయ్యేదాకా కింద ఇరానీ హోటల్లో టీ తాగుతూ కూర్చునేవారు. ఆయనది ఎలక్ట్రికల్ విభాగం. కరెంటు మనిషి దొరికేసరికి ప్రాణం లేచి వచ్చింది. ముందుగా వచ్చిన రోజుల్లో జోయెల్‌ని పిలిచి ట్రాన్స్‌ఫార్మర్ల గురించి మాట్లాడేవారు.

దసరా ముందు ఒకరోజు ఆయన టీ కప్పు పక్కన పెట్టి గొంతు తగ్గించారు.

"జోయెల్ గారూ, మీరు ఏమనుకోనంటే ఒక చిన్న సలహా కావాలి."

"అడుగుండ్రి సార్."

"ఆదివారం మా అమ్మాయిని చూసుకోవడానికి పెళ్ళివారు వస్తున్నారు. కుర్రాడు శ్రీవత్స అని, సాఫ్ట్‌వేరు. మంచి సంబంధం. ఈ ఊపిరితిత్తుల గొడవ ఇప్పుడే చెప్పొద్దంటుంది మా ఆవిడ. ఆ గంటసేపు దగ్గు రాకుండా ఏం చేస్తే బావుంటుందంటారు? మీకైతే అనుభవం కదా."

జోయెల్ చేతిలో బిస్కెట్ టీలో మెత్తబడి విరిగిపోయింది. ఆయన మొహంలో కపటమేమీ లేదు. దిగులు మాత్రమే ఉంది.

"గోరువెచ్చ నీళ్ళు ఫ్లాస్కుల పెట్టి పక్కన ఉంచుండ్రి సార్" అన్నాడు చివరికి. "కిటికీ దగ్గర కుర్చీ వెయ్యుండ్రి. ఆ రోజు ఇంట్ల అగరుబత్తి ముట్టియ్యకుండ్రి. పోపు ఘాటు గూడ వద్దు, వంట ముందే అయిపోవాలె. ఒక్కసారే ఎక్కువ మాట్లాడియ్యకుండ్రి."

"మీరు దేవుడిలాంటి వారు" అన్నారు పరబ్రహ్మం గారు.

ఆ రోజు జోయెల్ క్లాసుకు పైకి వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు.

*

ఆదివారం సుచరిత కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. పక్కన ఫ్లాస్కు. ఇంట్లో అగరుబత్తి వాసన లేదు. తల్లి బాలత్రిపురసుందరి పూజ గదిలో దీపం మాత్రమే పెట్టింది.

"ఇవన్నీ ఎవరు చెప్పారు నాన్నా?" అని పెళ్ళివారు వచ్చే ముందు అడిగింది.

"ఇంకెవరు, మన జోయెల్ గారే. ఎంత శ్రద్ధగా చెప్పాడనుకున్నావు."

సుచరితకు ఒళ్ళు మండిపోయింది. కుర్చీ ఎక్కడ వెయ్యాలో కూడా చెప్పాడన్నమాట. తనను దగ్గకుండా పెళ్ళిచూపులు దాటించడానికి అంత ఆరాటపడ్డాడన్నమాట. అందుకే క్లాసుకు రావడం మానేశాడు, పని అయిపోయిందని.

శ్రీవత్స మర్యాదస్తుడే. కాసేపు మాట్లాడుకోండంటూ పెద్దలు పక్కకు జరిగాక, సెలవుల్లో తను కొండలెక్కుతానని చెప్పాడు. "మీకు ట్రెక్కింగ్ ఇష్టమేనా?" అని అడిగాడు.

ఆమె ఫ్లాస్కు వంక చూసింది. తర్వాత అతని వంక చూసింది.

"మా ఇంటి మేడ మెట్లెక్కడానికే నేను మధ్యలో ఒకసారి ఆగుతానండి. కోవిడ్ వచ్చి పోయాక ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలాయి. చికిత్స చేయించుకుంటున్నాను. బాగవుతుందంటున్నారు. ఎప్పటికని చెప్పలేదు. ఇది మీకు తెలియకుండా దాచడం నాకు ఇష్టం లేదు."

అతను కాస్త తత్తరపడ్డాడు. చెప్పినందుకు థ్యాంక్స్ అన్నాడు. రెండు రోజుల తర్వాత వాళ్ళమ్మగారు ఫోను చేసి జాతకాలు కలవలేదని చెప్పారు.

బాలత్రిపురసుందరి ఏడ్చింది. "నిన్ను ఎవరు చెప్పమన్నారే? కాస్త కుదుటపడ్డాక మేమే చెప్పేవాళ్ళం కదా."

"పోయిందే మంచిదమ్మా" అంది సుచరిత. నిజంగానే ఆమెకు ఛాతీ మీంచి ఏదో బరువు దించినట్టుంది. ఇంక మిగిలింది ఒక్కటే, జోయెల్‌ని కడిగి పారెయ్యడం.

క్లాసుకు వెళ్ళేసరికి ఆ కుర్చీ ఖాళీగానే ఉంది.

"వాడు వస్తలేడమ్మా" అన్నాడు ఖదీర్ భాయ్. "ఆఫీసుల ఫోన్ డ్యూటీ వద్దని లైన్ మీదికి పోయిండట. మొన్న బజార్ల కలిసిండు. సూరత్ దేఖో తో, మొఖం జూస్తే నెల రోజులు నిద్రలేనోని లెక్క ఉన్నడు. ఏమైందిరా అంటే, ఏం లేదు భాయ్ అంటడు."

స్వీటీ కోపంగా అంది. "డాక్టరు కింద నిలబడి చేసే పని చెయ్యమన్నడు, స్తంభం ఎక్కమనలే. ఎక్సర్‌సైజులు బంద్ పెట్టి అట్ల పోతే, ఇన్ని దినాల కష్టం గంగల కలుస్తది."

సుచరిత లేచి నిలబడింది. ఆమె కోపం ఎటు పోయిందో తెలియదు. దాని స్థానంలో భయం వచ్చి కూర్చుంది. ఆ రోజు తోడు రాని తండ్రికి ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పి, ఆటో ఎక్కి జోయెల్ ఇంటి వైపు పోనిమ్మంది.

*

పురానాపూల్ దగ్గర ముందురోజు గాలివానకు లైను తెగింది. పొద్దుటినుంచీ నాలుగు గల్లీల్లో కరెంటు లేదు. స్తంభం చుట్టూ జనం. పైన బెల్టు కట్టుకుని జోయెల్.

సుచరితకు పిలవాలనిపించింది. పిలిస్తే ఉలిక్కిపడతాడని నోరు మూసుకుని, దూరంగా ఒక అరుగు పక్కన నిలబడింది. అతని చేతులు చకచకా పనిచేస్తున్నాయి. మధ్యమధ్య ఆగి, స్తంభానికి నుదురు ఆనిస్తున్నాడు. ఎందుకు ఆగుతున్నాడో కింద ఉన్నవాళ్ళలో ఆమెకొక్కదానికే తెలుసు.

గల్లీలో లైట్లు వెలిగాయి. జనం సంతోషంగా ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. జోయెల్ కిందికి దిగాడు. అరుగు దాకా నాలుగు అడుగులు వేసి కూలబడ్డాడు. పెదాలు పాలిపోయి ఉన్నాయి. అప్పుడు ఆమెను చూశాడు.

"మీరు... ఇక్కడ..."

"మాట్లాడకండి."

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి ఆక్సిమీటరు తీసింది. అతని వేలికి తగిలించి, అది జారకుండా చెయ్యి పట్టుకుంది. అంకె చూసి పళ్ళు బిగించింది. "మెల్లగా పీల్చండి. పెదాలతో ఊదండి. నా వైపు తిరిగి చేసినా ఏమీ అనను."

అతను చేశాడు. అంకె ఒక్కొక్కటిగా పైకి పాకింది. తొంభై అయిదు దగ్గర నిలబడ్డాక ఆమె గట్టిగా నిట్టూర్చింది.

"ఆక్సిజన్ సరే. ఈ రెండోది చూడండి, పల్సు తగ్గడం లేదు. దిగి ఇంతసేపైంది కదా. ఎందుకిలా కొట్టుకుంటోంది?" అంది కంగారుగా.

జోయెల్ ఆమె చేతి వంక, తన చేతి వంక చూశాడు.

"మీరు చెయ్యి ఇడిస్తే తగ్గుతది మేడం."

ఆమెకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. అర్థమయ్యాక కూడా చెయ్యి వదల్లేదు.

"మరి నాకు పెళ్ళి కుదర్చడానికి కుర్చీ ఎక్కడ వెయ్యాలో ఎందుకు చెప్పారు?"

"మీ నాన్న అడిగిండు. అంత పరేషాన్‌ల ఉన్న మనిషికి తప్పు సలహా ఎట్ల ఇస్త?" అతను తల దించుకున్నాడు. "మంచి సంబంధం అన్నడు. నేను లైన్‌మన్‌ని, చర్చికి పోయేటోణ్ణి, పైగ ఊపిరి గూడ సక్కగ లేదు. అడ్డమెందుకు రావాలె అనుకున్న. క్లాసుకొస్తే మీ పక్క కూసోవాలె. కూసుంటే చెప్పకుండ ఉండలేను."

"ఏం చెప్పకుండా?"

"అదే."

"అదే అంటే?"

"టీచర్ కదా, గిట్ల ఒక్కొక్క మాట గుంజుతున్నరు" అన్నాడు అతను. తర్వాత ఊపిరి పూర్తిగా తీసుకుని, తెంపు లేకుండా చెప్పాడు. "మీరంటే నాకు మస్తు ఇష్టం సుచరితా. మీరు నవ్వినాక దగ్గు రాకపోతే ఆ రోజంత నాకు పండుగ లెక్క ఉంటది."

సుచరిత రెండో చేత్తో ఆక్సిమీటరు తీసి బ్యాగులో పడేసింది.

"పెళ్ళివాళ్ళకి నిజం చెప్పేశాను. వాళ్ళు పోయారు" అంది. "మీరు రేపట్నుంచి క్లాసుకు రండి. డాక్టరు చెప్పేదాకా స్తంభం ఎక్కొద్దు. ఎక్కారని తెలిస్తే నేను మాట్లాడను."

"మాట్లాడకుంటే మీ ఊపిరి మిగులుతది గద."

"జోయెల్ గారూ."

"సరే సరే. ఎక్కను."

పక్క ఇంట్లోంచి ఒక పెద్దామె గిన్నెలో మజ్జిగ తెచ్చి, ఇద్దరి మధ్యా పెట్టి, వాళ్ళ చేతులవంక చూసీచూడనట్టు చూసింది. ఆమే సుందరమ్మ. ఆ పక్క ఇల్లు వాళ్ళదే.

"నువ్వేనా బిడ్డా టీచరమ్మవు? వీడు పదిరోజుల సంది అన్నం సక్కగ తింటలేడు. నీ పేరు చెప్తడు, తల తిప్పుకుంటడు. జర నువ్వన్న చెప్పు వానికి."

*

ఇంట్లో చెప్పినప్పుడు బాలత్రిపురసుందరి మొదట పేరు అడిగింది, తర్వాత కూర్చుండిపోయింది. ఆపైన ఆమె అన్న మాట మాత్రం సుచరిత ఊహించింది కాదు.

"కులం, మతం అని రేపు చుట్టాలంతా అంటారు, నాకు తెలుసు. నా భయం అది కాదు. ఇద్దరికీ ఒకే జబ్బు. రేప్పొద్దున ఇద్దరూ ఒకేసారి మంచం పడితే మంచినీళ్ళిచ్చే వాళ్ళెవరే? ఆసుపత్రి బయట నేనూ మీ నాన్నా ఎలా కూర్చున్నామో నీకు తెలియదు."

పరబ్రహ్మం గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయారు. "కుర్రాడు మంచివాడు" అన్నారు. "కానీ మీ అమ్మ అడిగినదానికి నాకు జవాబు కావాలి."

"డాక్టరునే అడుగుదాం నాన్నా. డిసెంబరులో ఇద్దరికీ పరీక్షలున్నాయి. మీరిద్దరూ రండి. ఆయన ఏం చెబితే అది విందాం."

అప్పటినుంచి ఇద్దరూ క్లాసులో ప్రాణం పెట్టి పనిచేశారు. పొద్దున్నే నడక. ఇంట్లో బోర్లా పడుకుని ఊపిరి వ్యాయామం. ఇన్‌హేలరు వేళ తప్పకుండా. ఒక రోజు బాగుంటే రెండు రోజులు నీరసంగా ఉండేది. అలాంటి రోజుల్లో స్వీటీ ఒక్కతే మెత్తగా మాట్లాడేది. "తక్కువ చెయ్యుండ్రి, మానెయ్యకుండ్రి" అనేది. చలికాలం వచ్చేసరికి జోయెల్ మూడో బంతి కూడా లేచింది. ఖదీర్ భాయ్ గది మొత్తానికి ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు.

*

పరీక్షల రోజు ఆసుపత్రి వరండాలో ఒక బెంచీ మీద పరబ్రహ్మం దంపతులు, ఎదురు బెంచీ మీద సుందరమ్మ కూర్చున్నారు. నమస్కారాలయ్యాయి. ఆపైన ఎవరికీ మాట తోచలేదు.

నడక పరీక్ష ఆ వరండాలోనే. జోయెల్, సుచరిత వంతులవారీగా ఆ చివరి నుంచి ఈ చివరికి నడవాలి. ముందు జోయెల్ నడిచాడు. సుందరమ్మ చూపు కొడుకు కాళ్ళ మీంచి కదల్లేదు. తర్వాత సుచరిత. ఆమె కాస్త వేగం పెంచగానే సుందరమ్మే ముందుగా నోరు తెరిచింది.

"జర నిమ్మళంగ, బిడ్డా. ఎవరు తరుముతలేరు."

బాలత్రిపురసుందరి సరిగ్గా అదే మాట అనబోతోంది. ఆమె ఎదురు బెంచీ వైపు చూసింది. "మీ అబ్బాయి రాత్రిళ్ళు పడుకున్నప్పుడు దగ్గుతాడాండీ?" అని అడిగింది.

"మొదట మస్తు దగ్గిండమ్మా. నేను గోడవతల కూసొని వింటుంటి. ఇప్పుడు తగ్గింది. అయినా నిద్రలేసి చెవొగ్గుత."

"నేనూ అంతే" అంది బాలత్రిపురసుందరి. "దగ్గు వినిపిస్తే ఒక భయం, వినిపించకపోతే ఇంకో భయం."

సుందరమ్మ జరిగి చోటిచ్చింది. బాలత్రిపురసుందరి లేచి వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చుంది.

డాక్టరు అందర్నీ లోపలికి పిలిచాడు. స్కాను ఫొటోలు లైటు ముందు పెట్టాడు. సుచరిత మచ్చలు చాలామటుకు మానిపోయాయి. జోయెల్‌కి అడుగు భాగంలో కొన్ని మిగిలాయి, కానీ అవి పెరగడం లేదు. ఇద్దరి ఊపిరి సామర్థ్యం దాదాపు మామూలుకు వచ్చింది.

"ఎక్సర్‌సైజులు ఇంట్లో చేసుకుంటే చాలు. ఫ్లూ టీకా ఏటా వేయించుకోండి. పొగకు, దుమ్ముకు దూరంగా ఉండండి. జ్వరం, దగ్గు వస్తే ఆలస్యం చేయకుండా రండి. జోయెల్, నువ్వు మెల్లమెల్లగా స్తంభాలెక్కొచ్చు, మధ్యలో ఆగుతూ."

పరబ్రహ్మం గారు గొంతు సవరించుకున్నారు. "డాక్టరుగారూ, వీళ్ళిద్దరూ పెళ్ళి చేసుకుంటామంటున్నారు. ముందు ముందు... ఇద్దరికీ ఒకేసారి..."

డాక్టరు ఆయన భయం పట్టుకున్నాడు. "ఎవరి భవిష్యత్తుకీ నేను గ్యారంటీ ఇవ్వలేను సార్, మీకైనా అంతే. కానీ ఈ ఊపిరితిత్తులు చూసి పెళ్ళి ఆపాల్సిన పని లేదు. అందరికీ వచ్చినట్టే వీళ్ళకీ జలుబులొస్తాయి, పోతాయి. జాగ్రత్తలు తెలిసినవాళ్ళు ఇంట్లో ఇద్దరుండటం మంచిదే."

పరబ్రహ్మం గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఏప్రిల్ నుంచి ఆయన భుజాలు అలా వాలడం సుచరిత చూడలేదు.

బాలత్రిపురసుందరికి మాత్రం ఇంకో సందేహం మిగిలింది. "పెళ్ళిలో హోమం ఉంటుంది కదండీ, ఆ పొగ వీళ్ళకు పడుతుందా?"

"వద్దమ్మా. ఎదురుగా గంటలకొద్దీ కూర్చోవడం మంచిది కాదు."

"మా చర్చిల హోమం ఉండది గాని, జనం కిక్కిరిస్తరు" అంది సుందరమ్మ ఆలోచనగా. "గాలి ఆడది."

జోయెల్ సుచరిత వంక చూశాడు. సుచరిత నేల చూసింది.

"అయితే రిజిస్ట్రారు ఆఫీసే నయం" అంది బాలత్రిపురసుందరి. "కిటికీలు పెద్దవి ఉన్నది చూడండి, ఏమండీ."

డాక్టరు నవ్వేశాడు. పరబ్రహ్మం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. జోయెల్ బల్ల కింద సుచరిత చెయ్యి పట్టుకోబోయి, ఇంతమంది ఉన్నారని ఆగిపోయాడు. ఆమే అతని చెయ్యి పట్టుకుంది.

బయటికి వచ్చాక బాలత్రిపురసుందరి కొంగు సర్దుకుని, సుందరమ్మ చెయ్యి పట్టుకుని, కాస్త మొహమాటపడుతూ అంది.

"వదినగారూ, మధ్యాహ్నం మా ఇంటికే భోజనానికి రండి. మాది గోదావరి వంట, చప్పగా ఉంటుందంటారేమో. మీ అబ్బాయికి కారం ఎంత వెయ్యాలో పక్కన నిలబడి చెప్పాలి."